అక్షరానికి ఎనిమిది రూపాయలు

ప్యారిస్ కార్నర్ వెనక సందులో
మూడో షట్టరు మాది.
ఇత్తడి రేకు మీద పేర్లు చెక్కుతాం.
అక్షరానికి ఎనిమిది, వత్తుంటే పది.
తమిళానికి వత్తులు లేవు కనుక
మద్రాసులో తెలుగువాళ్ళ గొప్పతనం
ఎప్పుడూ కాస్త ఖరీదెక్కువ.

మొన్న శుక్రవారం సభ కార్యదర్శి జగ్గప్పగారొచ్చారు,
చెమటలు కక్కుతూ, చేతిలో కాగితంతో.
హీరోగారికి సన్మానం, ఆదివారం సాయంత్రం.
"నిస్వార్థ సేవా రత్న" అని వేయాలి,
కింద పేరు, పేరు కింద బిరుదు,
బిరుదు కింద ఇంకో బిరుదు.

పెన్సిలుతో గీతలు కొట్టుకున్నాను.
నిస్వార్థ.
ఇరవై రెండేళ్ళుగా చెక్కుతున్న మాటే,
ఆ రోజే ఎందుకో కంటికి తగిలింది:
స్వార్థం మొత్తం లోపలే ఉంది, వత్తులతో సహా.
దాన్ని కాదనడానికి ముందు నిలబడ్డది
ఒక్క "ని".
ఎనిమిది రూపాయల పని.

మా మేనత్త శేషారత్నానికి
వారానికి మూడుసార్లు రక్తం కడగాలి.
కొరుక్కుపేట ఆస్పత్రిలో
ఆయన ఇచ్చిన మిషను మీదే.
మిషను నుదుటి మీద ఆయన బొమ్మ,
నీలం కోటు, జోడించిన చేతులు.

ప్రారంభించిన రోజు నేనూ ఉన్నాను.
ఆరింటికి సూది గుచ్చాల్సింది.
కెమెరా వాళ్ళకి వెలుగు కుదరలేదు,
ఆయన కారు రాయపురం వంతెన కింద ఇరుక్కుంది.
ఏడున్నర దాకా అత్త అలాగే మంచం మీద,
కాళ్ళు వాచి, నాలుక పిడచగట్టి.
ఎవరో వచ్చి ఆమె జుట్టు దువ్వారు.
ఎవరో కొత్త దుప్పటి కప్పారు.
ఆయన వచ్చి చేయి పట్టుకున్నాడు, రెండుసార్లు,
మొదటిసారి ఫ్లాష్ వెలగలేదని.

ఆ రాత్రి ఆటోలో నోటికొచ్చినట్టు తిట్టాను.
అత్త గాలికి మొహం పెట్టి అంది:
"ఫోటో కోసమే ఇచ్చాడు, నాకు తెలీదట్రా?
నా రక్తం ఫోటోలో తిరగట్లేదుగా,
మిషన్లో తిరుగుతోంది.
రేపు లేచి పప్పులో తాలింపు పెట్టుకుంటా,
అది చాలు."
మింట్ స్ట్రీట్ దాటాక మళ్ళీ అంది:
"దండం పెడతా.
దండ మాత్రం వెయ్యను."

సున్నా ఒక్కటే తేడా.
చెక్కేవాడికి అది ఏమంత పెద్ద గీత కాదు.
కానీ దండం, అందుకున్నవాళ్ళు పెట్టేది.
దండ, చూడ్డానికొచ్చినవాళ్ళు వేసేది.

జగ్గప్పగారు బిల్లు రాయమన్నారు.
ఎవరి పేరు మీదండీ అంటే
గొంతు తగ్గించి, "హీరోగారి ఆఫీసు."
షీల్డు, శాలువా, వెండి పూత పళ్ళెం,
పదకొండు వేల నాలుగొందలు.
నవ్వొచ్చింది. నవ్వలేదు.
మా షాపు అద్దె కూడా
ఆ నవ్వు ఆపుకోవడంలోంచే వస్తుంది.

రాత్రి పదకొండింటికి అలారం మోగితే
తింటున్న చెయ్యి కడుక్కుని పరుగెత్తే
టెక్నీషియన్ పేరు పొన్ని.
తెలుగులో రాస్తే రెండే అక్షరాలు,
వత్తుతో కలిపి పద్దెనిమిది రూపాయలు.
ఇంతవరకు ఎవరూ ఆర్డరివ్వలేదు.

"ని" లోతుగా చెక్కాను. రెండుసార్లు పోయాను సూది.
ఏమో, ఏనాటికైనా నిజమవుతుందేమో
అనే ఆశ కూడా మా వృత్తిలో ఓ పనిముట్టే.

సోమవారం పేపర్లో వచ్చింది.
శాలువా, నవ్వు, నా షీల్డు.
రెండు చేతులా పట్టుకున్నాడు,
కుడి బొటనవేలు సరిగ్గా
మొదటి అక్షరం మీద.

అత్త కళ్ళద్దాలు సర్దుకుని చదివింది,
కనపడినంత మేరకు.
నేను నవ్వుతుంటే కసిరింది.
"వేలిదేముందిరా,
ఆ చేత్తోనే ఇంకో మిషను కొననీ.
మా వార్డులో ఇంకా తొమ్మిదిమంది బయట కూర్చున్నారు."

పేపరు మడిచి, అందులో కరివేపాకు చుట్టింది.

రేపు మంగళవారం.
ఆరింటికల్లా కొరుక్కుపేటలో ఉండాలి.
కెమెరాలుండవు కదా,
టైముకే గుచ్చుతారు.